అందింది డాక్టరమ్మ

మా డాక్టరమ్మకి ఒకే ఒక్క జబ్బు ఉండేది. ఎవరు ఏ మాట చెప్పినా "అందింది" అనకుండా ఉండలేదు. తను చెప్పిన మాటకి ఎదుటివాళ్ళు "అందింది" అనకపోతే అక్కణ్ణుంచి కదలదు. చెప్పింది మనిషైనా ఒకటే, గోడైనా ఒకటే. ఈ ఒక్కటీ పక్కన పెడితే ఆవిడంత తెలివైన మనిషిని నేను చూడలేదు, ఇక చూడబోను కూడా.

అలా తేల్చి చెప్పడానికి నువ్వెవడివని అడుగుతారేమో, ముందే చెప్పేస్తాను. పల్లెటూరి బళ్ళో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. కానీ ఆ పరిశోధనాలయంలో ముప్పై ఒక్క ఏళ్ళు కణజాలం కోశాను. మైనం దిమ్మలో పొదిగిన ముక్కని కత్తికి ఎదురు పెట్టి చక్రం తిప్పితే, తలవెంట్రుకని నిలువునా పదిహేను పొరలు చేస్తే ఒక పొర ఎంతుంటుందో అంత పల్చగా వచ్చేది. ముడత ఉండదు, చిరుగు ఉండదు. దాన్ని గోరువెచ్చటి నీళ్ళ మీద తేల్చి, గాజుపలక మీదికి ఎత్తి, రంగులు వేస్తే సూక్ష్మదర్శినిలో చూసేవాళ్ళకి పెళ్ళిచీర అంచులా కనబడేది. నా హయాంలో నలుగురు డైరెక్టర్లు మారారు, కత్తి పట్టిన చెయ్యి మారలేదు. ఎక్కణ్ణుంచో వచ్చిన పెద్ద ప్రొఫెసరొకాయన నా పలక చూసి ఇది ఏ యంత్రం కోసిందని అడిగితే నన్ను చూపించారు. ఆయన నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చిన తారీఖు, వారం, టైము అన్నీ గుర్తున్నాయి. గొప్పలు చెప్పుకోవడం నాకు గిట్టదు కాబట్టి వదిలేస్తున్నాను.

అలాంటి నేను ఆవిడ దగ్గర చేరిన రోజునుంచీ ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. తల ఊపేవాణ్ణి. హాజరు పలకడం ఐదో తరగతితోనే అయిపోయిందని నా పట్టుదల.

"మేస్త్రీ, మూడో దిమ్మ మధ్యాహ్నానికి కావాలి," అనేది. కోత పనివాణ్ణి కాబట్టి నన్ను మేస్త్రీ అనే పిలిచేది.

నేను తల ఊపేవాణ్ణి.

"అందిందా?"

మళ్ళీ ఊపేవాణ్ణి.

"నువ్వు తల ఊపితే గాలి వస్తుంది గానీ జవాబు వస్తుందా?"

"మధ్యాహ్నానికి పలక వస్తుంది డాక్టరమ్మా."

ఆవిడ దగ్గర బారెడు పొడుగు రిజిస్టరు ఒకటి ఉండేది. అది తీసి నా పేరు పక్కన సున్నా చుట్టేది. ఆవిడ సున్నాలకి బెదిరేవాడు మేస్త్రీ ఎలా అవుతాడు?

ఆవిడ జబ్బు ఎంత ముదిరిందో చెప్పాలంటే మా మెట్ల దగ్గరి బోర్డు సంగతి చెప్పాలి. "ఇక్కడ ఉమ్మరాదు" అని రాసి ఉండేది. ఎన్నేళ్ళున్నా దాన్ని లెక్కచేసినవాడు లేడు. ఒకరోజు ఈవిడ దాని కింద "అందింది. ఉమ్మను" అని రాసి, సంతకం పెట్టి, తారీఖు వేసింది. అంతే, ఆ మూల శుభ్రమైపోయింది. ఉమ్మబోయినవాడికల్లా ఆ సంతకం కనబడి, తనని కూడా ఎక్కడ సంతకం పెట్టమంటారోనని నోరు మూసుకుని దిగిపోయేవాడు.

లిఫ్టులో ఒక ఆడగొంతు "తలుపులు మూసుకుంటున్నాయి" అని చెప్పేది. ఈవిడ "అందిందమ్మా" అనేది. కొన్నాళ్ళకి మరమ్మతువాళ్ళు వచ్చి ఆ గొంతు తీసేసి గంట పెట్టారు. ఆ రోజు డాక్టరమ్మ భోజనం డబ్బా మూత తియ్యలేదు. ఇన్నేళ్ళు పలకరించుకుని, వెళ్ళేటప్పుడు ఒక్క మాట చెప్పకుండా వెళ్ళిపోయిందని బాధ.

ఇంకోసారి ఎవరో తెలియనాయన ఫోను చేసి, నాన్నకి జ్వరం తగ్గింది, గంజి తాగాడు అని గబగబా చెప్పి పెట్టేశాడు. రాంగ్ నంబరు. మనమైతే ఊరుకుంటాం. ఈవిడ ఆ నంబరుకి తిరిగి ఫోను చేసి, "అందింది. కానీ నేను మీరనుకునే మనిషిని కాదు. వాళ్ళు ఇంకా కంగారు పడుతూనే ఉంటారు, వాళ్ళకి చెప్పండి," అంది. ఆయన వాళ్ళకీ చెప్పాడు, ఆ తర్వాత రెండేళ్ళు ఈవిడకీ చెప్తూనే ఉన్నాడు. ఆ ముసలాయనకి పన్ను ఊడినా మాకు తెలిసేది.

ఆవిడ అత్తగారి కష్టం వేరు. కోడలు ఏ డాక్టరని ఇరుగుపొరుగు అడిగితే ఏం చెప్పాలో తెలియక "మూత్రపిండాలు" అనేసేది ఆ పెద్దావిడ. డాక్టరమ్మ పెరట్లోంచి కేకేసి మరీ దిద్దేది. "మూత్రపిండాలు కాదత్తయ్యా, వృషణాలు. అందిందా?" ఆవిడ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అందిందే తల్లీ, మనకే కాదు, నాలుగు ఇళ్ళకి అందింది," అనేది.

ఈ జబ్బు ఆవిడకి ఎక్కణ్ణుంచి పట్టుకుందో నాకు తెలుసు. నేను కోసిన పలకల్లోంచే. ఒకరోజు నన్ను సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి, రోజూ కోస్తావు కదా, ఏం కోస్తున్నావో చూడు అంది.

వృషణమంటే సన్నటి గొట్టాల ఉండ. గొట్టం గోడలో అడుగునుంచి పైదాకా నిలువుగా నిలబడ్డ పెద్ద కణం ఒకటి ఉంటుంది. పుస్తకాల్లో దాని పేరు ఏదైనా మేము దాదమ్మ అనేవాళ్ళం. వీర్యకణం గుండ్రటి పిల్లగా ఉన్నప్పటినుంచి తోక మొలిచి బయటపడేదాకా దాదమ్మ ఒళ్ళోనే పెరుగుతుంది. తిండి ఆవిడే పెడుతుంది, చెత్త ఆవిడే ఎత్తుతుంది. గొట్టాల మధ్య సందుల్లో ఉండే ఇంకో రకం కణాలు మగ హార్మోను వండి గోడ అవతలికి అందిస్తాయి. మెదడు కింద బఠాణీ గింజంత గ్రంథి కూర్చుని ఇటు దాదమ్మకో కబురు, అటు సందులోవాళ్ళకో కబురు పంపుతుంది. దాదమ్మ ఊరుకోదు, ఇక్కడికి సరిపోయింది, తగ్గించమని పైకి తిరుగు కబురు పెడుతుంది. ఒళ్ళో పిల్లలు మాత్రం తక్కువ తిన్నాయా? నేను ఇంత ఎదిగాను, ఇప్పుడు నాకిది పెట్టమని ఆవిడకి చెప్తూనే ఉంటాయట.

"పిల్ల చెప్పకపోతే ఏం పెట్టాలో దాదమ్మకి తెలీదు. దాదమ్మ చెప్పకపోతే ఎంత పంపాలో పైవాళ్ళకి తెలీదు. ఇంతమంది ఉన్న ఇంట్లో జవాబివ్వనివాళ్ళు లేరు మేస్త్రీ."

"ఎవరైనా ఇవ్వకపోతే?" అన్నాను, నా తల ఊపుడు గుర్తొచ్చి.

"పొగరనుకోకూడదు. ఏదో కష్టంలో ఉందనుకోవాలి."

ఇవన్నీ కనబడ్డాయంటే కోత బాగుండబట్టే కదా అన్నాను. "అందింది" అంది.

ఆ గొట్టం గోడలో ఒక కట్టుదిట్టం ఉంది. పిల్ల అడుగునుంచి లోపలికి జరిగేటప్పుడు, దాదమ్మలు పిల్ల వెనక కొత్త తలుపు బిగించాకే ముందున్న పాత తలుపు విప్పుతారు. రెండూ ఒకేసారి తెరవడమన్నది లేదు. అది తెలిసినప్పటినుంచి మా ప్రయోగశాల వసారాకి కూడా అదే నియమం పెట్టింది. ఒకసారి డైరెక్టరుగారు వెనక తలుపు సరిగ్గా పడలేదని రెండింటి మధ్య పావుగంట నిలబడ్డారు. లోపల్నుంచి ఈవిడ, వెనక తలుపు పడిందా అని అడగడం, ఆయన జవాబు చెప్పకుండా ముందు తలుపు బాదడం. చివరికి "పడిందమ్మా, అందిందమ్మా" అన్నాకే తీసింది.

మా పక్క గదిలో పరీక్షలు చేసేవారు. పిల్లలు కలగని మగవాళ్ళు వచ్చి వీర్యపరీక్ష చేయించుకుని, తల దించుకుని వెళ్ళేవారు. నమూనా మీద నంబరే ఉండేది. రిపోర్టు కవర్లో పెట్టి ఇంటికి పోస్టు చేసేవారు. ఈవిడ ప్రతి రిపోర్టు అడుగునా ఒక చీటీ అంటించడం మొదలుపెట్టింది: "అందింది అని రాసి చింపి పంపగలరు." పరిశోధనాలయం పరువు పోతోంది, ఈ చీటీలు ఆపమని డైరెక్టరుగారు మెమో ఇచ్చారు. ఈవిడ మెమో మీద "అందింది" అని రాసి ఇచ్చి, చీటీలు అంటిస్తూనే ఉంది. ఆయన పిలిచి అడిగితే, అందిందన్నాను గానీ ఒప్పుకున్నానన్నానా అందట.

చీటీ తిరిగి రాని నంబర్లకి రిజిస్టరులో ఎర్ర పెన్సిలుతో సున్నా. సాయంత్రం నాలుగయ్యేసరికి గొడుగు చంకన పెట్టుకుని ఆ సున్నాల వెంట బయల్దేరేది. బెత్తెడు కాగితం ముక్క కోసం ఇన్ని వీధులు తిరిగే మనిషిని చూసి మేమందరం నవ్వుకునేవాళ్ళం. అందరికంటే గట్టిగా నవ్విందెవరో దాచుకోను. నేనే.

ఇలా ఉండగా ఒక ఎండాకాలం చివర మా చిన్నమ్మాయి సూట్‌కేసు పట్టుకుని ఇంటికొచ్చింది. పెళ్ళయి ఐదేళ్ళు, పిల్లల్లేరు. అల్లుడు ఊరి అవతల రొట్టెల బట్టీలో పనివాడు. పొద్దున లేచి, మీ నాన్న దగ్గరికి వెళ్ళిపో, నీకింకా వయసుంది అన్నాడట. నా తప్పేమిటో చెప్పమంటే గోడవైపు తిరిగి కూర్చున్నాడట. ఎన్నిసార్లడిగినా వీపే జవాబు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అసలు అతన్ని నేను మొదట్నుంచీ లెక్కలో వేసుకోలేదు. వెంట్రుకని పదిహేను పొరలు చేసే ఇంటికి పిండి పిసికేవాడు అల్లుడేమిటని నా బాధ. ఆ బట్టీ గుమ్మం తొక్కింది లేదు, ఆ రొట్టె కొరికింది లేదు. వెళ్ళి కనుక్కోమని మా ఆవిడ పోరితే, గోడకేసి తిరిగినవాడితో నేను మాట్లాడేదేముందన్నాను. "మీ ఇద్దరిలో గోడ ఎవరో తెలియడంలేదు," అంది మా ఆవిడ.

అమ్మాయి ఏడవలేదు. అది ఇంకా భయంగా ఉండేది. పొద్దుటే లేచి మా గిన్నెలన్నీ తోమేసి, తోమినవే మళ్ళీ తోమేది.

ఆ వారం నా పలకలో ముడత పడింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. డాక్టరమ్మ సూక్ష్మదర్శినిలోంచి తలెత్తి, ఇంట్లో ఏమైందని అడిగింది. ఏమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. అందిందా అని ఎప్పట్లా వెంటపడలేదు. రిజిస్టరు తీసి నా పేరు పక్కనున్న పాత సున్నాని ఎర్ర పెన్సిలుతో దిద్దింది. నాకది అర్థం కాలేదు.

సరిగ్గా ఆ రోజులనుంచే ఆవిడకి రొట్టెల పిచ్చి పట్టుకుంది. నాలుగింటికి గొడుగుతో వెళ్ళడం, మర్నాడు పొద్దున్న తెల్ల కాగితంలో చుట్టిన రొట్టె తేవడం. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, వారాల తరబడి. టీలో రొట్టె, టీ లేకుండా రొట్టె. డైరెక్టరుగారి బల్ల మీద రొట్టె. చివరికి మా ప్రయోగశాల ఎలుకలు కూడా రొట్టె చూసి అటు తిరిగి కూర్చునేవి. చీటీల జబ్బు ముదిరి రొట్టెల్లోకి దిగిందని మేము తేల్చేశాం.

ఒక్కటి మాత్రం నా కంటపడకుండా పోలేదు. రొట్టె పైన నాలుగు గాట్లు ఉండేవి. మొదటి వారం అవి పిల్లి గీరినట్టు ఉన్నాయి. మూడో వారానికి వరసలో పడ్డాయి. ఆరో వారానికి దారం పట్టి గీసినట్టు, ఒకే లోతున, ఒకే ఎడంలో.

"ఎవడో గానీ కోత కొత్తగా నేర్చుకుంటున్నాడు డాక్టరమ్మా. మంచి చెయ్యి."

"ఆ మాట అతనికి చెప్పనా?"

"చెప్పండి. ఎవరన్నారో మాత్రం చెప్పొద్దు. నా అంతటివాడు మెచ్చుకున్నాడని తెలిస్తే నెత్తికెక్కుతుంది."

"అందింది," అంది, నవ్వు బిగబట్టుకుని.

పదకొండో వారం, ఆదివారం పొద్దున్న మా తలుపు ఎవరో తట్టారు. తీస్తే ముందు నాకు మనిషి కనబడలేదు, చేతిలో రొట్టె కనబడింది. నాలుగు గాట్లు. ఒకే లోతు, ఒకే ఎడం. ఆ తర్వాత తలెత్తి చూస్తే మా అల్లుడు.

"మావయ్యా, లోపలికి రావచ్చా?" అన్నాడు. తిట్టడానికి పదిహేను మాటలు పొరలు పొరలుగా కోసి పెట్టుకున్నాను, ఆ గాట్లు చూశాక ఒక్కటీ నోట్లోంచి ఊడిపడలేదు. పక్కకి జరిగాను.

అమ్మాయి ముందు మూడు వస్తువులు పెట్టాడు. ఒక చింపిన కవరు, ఒక చింపని కవరు, దారంతో కట్టిన చీటీల కట్ట. చింపిన కవర్లో మా పరిశోధనాలయం రిపోర్టు. కణాలు చాలా తక్కువ, అని. అమ్మాయి అది చదివి తలెత్తింది.

"ఇదెప్పుడొచ్చింది?"

"నిన్ను పంపేసిన ముందురోజు."

"నాకు చెప్పడానికేమైంది?"

"ఎలా చెప్పను?"

"నోటితో."

వంటింట్లో మా ఆవిడకి పొలమారింది.

"నీకు పిల్లలంటే ప్రాణం," అన్నాడతను నేలకేసి చూస్తూ. "నాతో ఉంటే పుట్టరేమో. వెళ్ళిపోతే ఇంకో దారి దొరుకుతుందని..."

"నన్ను అడిగారా? నా జవాబు కూడా మీరే చెప్పేసుకుని నన్ను బస్సెక్కించారు."

అతను చీటీల కట్ట విప్పాడు. డెబ్బై నాలుగు. అన్నీ డాక్టరమ్మ దస్తూరి. రిపోర్టుకి జవాబు రాలేదని వెతుక్కుంటూ ఆ బట్టీకి వెళ్ళిందట. అతను వీపు తిప్పి నిలబడితే, రొట్టె కొనుక్కునే వంకతో రోజూ వెళ్ళి, రోజుకో చీటీ చేతిలో పెట్టిందట. జవాబుగా అతను ఒక్క మాట రాస్తే చాలు.

మొదటిదాంట్లో ఇలా ఉంది: "నీకు వచ్చిన రిపోర్టు ఇవాళ్టి వార్త కాదు. రెండున్నర నెలల కిందట వేసిన ఉత్తరం. ఒక కణం తయారై బయటికి రావడానికి అన్నాళ్ళు పడుతుంది. అప్పుడు నీకు వారం రోజులు జ్వరమని పరీక్ష రోజున రాయించావు. పైగా రోజంతా బట్టీ మంట ఒడికి ఎదురుగా. మంట దగ్గర్నుంచి జరిగి కోత బల్ల దగ్గరికి మారు. కొత్త ఉత్తరం ఇవాళ రాయడం మొదలవుతుంది. ఏం రాస్తుందో నేను మాట ఇవ్వలేను." దాని కింద అతని వంకర అక్షరాలు: "అందింది."

ఇరవయ్యో రోజు: "ఈపాటికి వెనక తలుపు పడి, ముందు తలుపు తీస్తూ ఉంటారు." అందింది. నలభయ్యో రోజు: "ఈ పిల్లలన్నీ ఒకే జట్టు. పెరిగేటప్పుడు మధ్య వంతెనలు తెంచుకోవు. ఒకదానికి లేనిది పక్కది పంచుతుంది. మీ ఆవిడకి చెప్పావా?" కింద: "అందింది. చెప్పలేదు." అక్కణ్ణుంచి రోజూ అదే. చెప్పావా? అందింది, చెప్పలేదు. చెప్పావా? అందింది, చెప్పలేదు. మధ్యలో ఒక చీటీలో మాత్రం, "నీ కోత బాగుందని కోత తెలిసిన ఒక పెద్దమనిషి అన్నాడు" అని ఉంది. నేను ఇంటి కప్పు వైపు చూశాను. కప్పులో విశేషమేమీ లేదు.

డెబ్బై నాలుగోదాని కింద ఇలా రాశాడు: "అందింది. చెప్పడానికి వెళ్తున్నాను."

మిగిలింది చింపని కవరు. రెండో రిపోర్టు. నిన్ననే వచ్చింది, నువ్వు లేకుండా చింపబుద్ధి కాలేదన్నాడు. నా చేతులు దురద పెట్టాయి. కవరు కొయ్యడంలో కూడా నాకు పేరుంది. కానీ మా అమ్మాయి దాన్ని తీసి అతని చొక్కా జేబులోనే పెట్టింది. "మనింటికెళ్ళి చూసుకుందాం. ఇందులో ఏమున్నా ఇంకోసారి గోడకేసి తిరిగారో, ఆ గోడ పడగొట్టిస్తాను. అందిందా?"

"అందింది," అన్నాడు మా అల్లుడు. సూట్‌కేసు అతనే మోశాడు.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ గదికి వెళ్ళాను. అతను నా అల్లుడని ఎప్పుడు తెలిసిందని అడిగాను. రెండో రోజే అంది. మరి నేను ముడతల పలకలు కోస్తూ చస్తుంటే నాతో ఒక్క ముక్క చెప్పలేదేమన్నాను.

"అది నీకు రాసిన ఉత్తరం కాదు మేస్త్రీ."

ఆవిడ బయటికి వెళ్ళాక రిజిస్టరు తిప్పాను. ఎర్ర సున్నాలు నూటికి పైన ఉన్నాయి. కొట్టు మూసేసి లోపల కూర్చున్న దర్జీ, పనికి వెళ్ళడం మానేసిన బస్సు డ్రైవరు, ఇంట్లో అన్నం ముట్టని గుమాస్తా. ప్రతి సున్నా పక్కనా ఒక తారీఖు, దాని పక్కన "తలుపు తీశాడు" అని. మేమంతా కాగితం ముక్క కోసమనుకుని నవ్విన తిరుగుడు ఇది. మొదటి పేజీలో మొదటి పేరు నాదే. ఎర్ర సున్నా. తారీఖు లేదు.

మరుసటి ఏడు, నా రిటైర్మెంటుకి నెల ముందు, మా అమ్మాయి మడతపెట్టిన చీటీ ఒకటి నా చేతికిచ్చి, విప్పకుండా డాక్టరమ్మకి ఇమ్మంది. విప్పలేదు. వెలుతురుకి ఎత్తి చూశాను గానీ కాగితం మందం. నేను కోసిన కాగితమైతే కనబడేది.

డాక్టరమ్మ చీటీ చదివింది. నేను "అందింది" కోసం ఎదురు చూశాను. రాలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. లిఫ్టుకి కూడా జవాబు చెప్పిన మనిషికి మాట రాలేదు. చివరికి చీటీ నా వైపు తిప్పింది.

"డాక్టరమ్మగారూ, నాకు మూడో నెల. అందరికంటే ముందు మీకు చెప్తున్నాం. నాన్నకి మీరే చెప్పండి."

గదిలో ఇద్దరమే ఉన్నాం. ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా.

"అందింది," అన్నాను.

డాక్టరమ్మ రిజిస్టరు లాక్కుని మొదటి పేజీ తీసింది. పెన్సిలు అందుకుని, నా సున్నా పక్కన తారీఖు వెయ్యబోయి ఆగి, నా మొహంలోకి చూసింది.

"సరిగ్గా వినబడలేదు మేస్త్రీ. మళ్ళీ చెప్పు."

నేను తల ఊపాను.